ఆకుపచ్చను శోధించిన రిచర్డు విల్‌ష్టెటరు

గోంగూరను కడిగి, గిన్నెలో వేసి, పొయ్యిమీద నుంచిన కొలది నిమిషములకే దాని పచ్చదనము పోయి, మట్టిరంగు కలసినట్టి పచ్చ యగుటను మనలో ప్రతివారును చూచియే యుందురు. పాలకూర వండునపుడు ఈ మార్పు అంత త్వరగా కలుగదు. క్యారెట్టు దుంప యెంత యుడికినను తన రంగును ఇంచుమించుగా నిలుపుకొనును. పొయ్యి యొకటే, వేడిమి యొకటే. అయినను ఒక్కొక్క రంగు ఒక్కొక్క విధముగా నడచుకొనుచున్నది. దీనికి కారణమేమని పిల్లలు అడిగినచో, గోంగూర పులుపు గలది గనుక అని తల్లులు చెప్పుదురు. ఆ మాటలో సగము సత్యము కలదు. తక్కిన సగమును తెలిసికొనుటకు లోకమునకు మార్గము చూపినవాడు జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడగు రిచర్డు విల్‌ష్టెటరు.

ఆయన వంటను గూర్చి పరిశోధించినవాడు కాడు. ఆకులలోని పచ్చరంగు ఏ పదార్థమో, పువ్వులలోని ఎఱుపు నీలములు ఏ పదార్థములో కనుగొనుటకు తన జీవితములోని మంచి భాగమును వినియోగించినవాడు. ఈ పదార్థములు మిక్కిలి సుకుమారములని గ్రహించి, వానిని చెడనీయక చేతికి తెచ్చుకొనుటయే ఆయన విజయమునకు మూలము. ఆయన విద్యయేగాక ఆయన నడవడియు విద్యార్థులకు తెలియదగినది. అందుచేత ఆయన చరిత్రమును మేము ఇచట సంగ్రహముగా వ్రాయదలచితిమి.

విల్‌ష్టెటరు 1872వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీని జర్మనీలోని కార్ల్‌స్రూ పట్టణమున ఒక యూదుల కుటుంబమునందు జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. రిచర్డు పదునొకండేండ్ల బాలుడై యున్నపుడు తండ్రి వ్యాపారార్థము అమెరికాలోని న్యూయార్కు నగరమునకు పోయెను. అట్లు పోయినవాడు పదునేడేండ్లు కుటుంబమునకు దూరముగా నుండవలసివచ్చెను. తల్లి తన యిద్దఱు కుమారులతో న్యూరెంబర్గు నగరమునకు చేరి, వారిని తానే పెంచి విద్య చెప్పించెను. తండ్రి చెంత లేని యింట పెరిగిన ఈ బాలునికి చిన్ననాటనే రసాయన శాస్త్రమునందు అభిరుచి కలిగెను. పదునెనిమిదవ యేట మ్యూనిక్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

ఆ కాలమున మ్యూనిక్ రసాయనశాలకు అధిపతి అడాల్ఫ్ ఫాన్ బేయరు. నీలిమందు నిర్మాణమును కనుగొని ప్రఖ్యాతి గాంచిన మహాపండితుడాయన. విల్‌ష్టెటరు ఆ శాలలోనే ఐన్‌హార్ను అను నధ్యాపకుని వద్ద పనిచేసి, కొకెయిను అను ఔషధపదార్థమును గూర్చి వ్రాసిన గ్రంథమునకు 1894లో డాక్టరు పట్టము పొందెను. ఆ పదార్థము యొక్క నిర్మాణమును గూర్చి తన గురువు ఊహించినది సరికాదని ఆయనకు తరువాత తోచెను. గురువునందు గౌరవము తగ్గింపకయే, ప్రయోగములచేత తన మతమును స్థాపించెను. 1896లో ఉపన్యాసకుడును, 1902లో ఆచార్యుడును అయ్యెను.

ఆ దినములలో యూదులకు ఉన్నతపదవులు దొరకుట దుర్లభముగా నుండెను. మతము మార్చుకొనినచో దారి సుగమమగునని బేయరు ఆయనకు హితము చెప్పెను. బేయరు చెప్పినది ప్రేమచేతనే. అయినను విశ్వాసమువలన గాక పదవీలాభమునకై మతము మార్చుకొనుట తగదని విల్‌ష్టెటరు నిశ్చయించుకొనెను. దానివలన కలుగు నష్టమును ఎఱిగియే ఆ నిశ్చయము చేసికొనెను. ముప్పదియేండ్ల తరువాత ఆయన చేసిన గొప్ప పనికి బీజము ఇచ్చటనే కలదని మా యభిప్రాయము.

1905లో స్విట్జర్లండు దేశమందలి జ్యూరిచ్ సాంకేతిక విద్యాలయమునకు ఆచార్యుడై పోయి, అచ్చట ఆకుపచ్చరంగును శోధించుటకు పూనుకొనెను. ఈ రంగునకు క్లోరోఫిల్ అను పేరు పెట్టినవారు ఫ్రాన్సు దేశపు పెల్తియే, కవెంతూ అను నిరువురు. మన భాషలో దీనిని పత్రహరితమందుము. పేరు పుట్టి ఎనుబది యేండ్లు దాటినను ఆ పదార్థమేమో ఎవరికిని స్పష్టముగా తెలియదయ్యెను. కొందఱు దానిలో ఇనుమున్నదనిరి, కొందఱు భాస్వరమున్నదనిరి, ఒక్కొక్క జాతి చెట్టునకు ఒక్కొక్క పత్రహరితముండునని మఱికొందఱు తలచిరి.

ఇన్ని భేదాభిప్రాయములకు కారణము వారి పనితీరులోనే యుండెను. వారు ఆకులను గాఢమైన ఆమ్లములతోను క్షారములతోను కాచి, మరగించి, మిగిలినదానిని పరీక్షించుచుండిరి. అట్లు చేతికి వచ్చినది పత్రహరితము కాదు. పత్రహరితము విఱిగిపోగా మిగిలిన ముక్కలు మాత్రమే. పడిపోయిన యింటి ఇటుకలను లెక్కించి ఆ యింటి గదులు ఇన్ని యని చెప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే. విల్‌ష్టెటరు ఈ లోపమును గ్రహించెను. ముందు పదార్థమును ఉన్నదున్నట్లుగా పట్టుకొనవలెను. విఱుగగొట్టుట తరువాతి పని. విఱుగగొట్టునపుడైనను ఒక్కొక్క భాగమునే, ఎఱిగి విఱుగగొట్టవలెను. ఇదియే ఆయన పద్ధతి.

కావున ఆయనయు ఆయన శిష్యులును ఎండిన ఆకులను పొడిచేసి, నీరు కొంచెము కలిపిన ఆసిటోను, ఆల్కహాలు మొదలగు మృదువైన ద్రావకములతో, మరగింపకయే రంగును దిగదీసిరి. పిదప ఒకదానితో నొకటి కలియని రెండు ద్రవములను చేర్చి కుదిపి, ఏ రంగు ఏ ద్రవములోనికి పోవునో చూచి వేఱుచేసిరి. వారు విశేషముగా వాడినది నెటిల్ అను మొక్క ఆకు. అది అచ్చట పొలముల గట్లమీద విరివిగా పెరుగునట్టిది. ఎండుటాకులో పత్రహరితము నూటికి ఇంచుమించు ఒక పాలు మాత్రమే యుండును గనుక చాల ఆకు కావలసివచ్చెను. ఈ పనిలో ఆయనకు కుడిభుజమై నిలిచినవాడు ఆర్థర్ ష్టోల్ అను స్విట్జర్లండు యువకుడు. చదువరులు ఈ పేరును గుర్తుంచుకొనవలెను. ఇది మరల వచ్చును.

ఆకులోనే పత్రహరితమును మార్చివేయు ఒక ఎంజైము కలదని కూడ వారు కనుగొనిరి. అంతకు పూర్వము బొరోడిన్ అను రష్యా పండితుడు ఆల్కహాలులో నానిన ఆకులనుండి అందమైన స్ఫటికములను చూచియుండెను. అవి శుద్ధమైన పత్రహరితమని తలచిన వారుండిరి. కాని అవి ఆ ఎంజైము పత్రహరితముమీద పనిచేయగా ఏర్పడిన వేఱొక పదార్థమని విల్‌ష్టెటరు, ష్టోల్ చూపిరి. వేడిచేసిన రంగు మాఱును. వేడిచేయక యూరక నాననిచ్చినను ఒక్కొక్కప్పుడు మాఱును. ఇట్టి పదార్థముతో పనిచేయువానికి ఎంత జాగరూకత వలయునో మన విద్యార్థులు ఊహించుకొనగలరు.

ఫలితములు ఆశ్చర్యకరములయ్యెను. రెండువందలకు పైగా మొక్కలను పరీక్షింపగా పత్రహరితము అన్నిటియందును ఒక్కటియేనని తేలెను. అయితే అది రెండు పదార్థముల మిశ్రమము: ఒకటి నీలము కలసిన పచ్చ, రెండవది పసుపు కలసిన పచ్చ. మొదటిది ఇంచుమించు మూడుపాళ్లు, రెండవది ఒకపాలు. వీనితోగూడ కెరోటిను, జాంథోఫిల్ అను రెండు పసుపువన్నెల పదార్థములు ఆకులో నుండును. పత్రహరితమునందు ఇనుమును లేదు, భాస్వరమును లేదు. నూటికి సుమారు 2.7 పాళ్లు మెగ్నీషియము కలదు. రక్తమునకు ఎఱుపు నిచ్చు పదార్థములో ఇనుమెట్లో, ఆకునకు పచ్చ నిచ్చు పదార్థములో మెగ్నీషియ మట్లు. ఈ రెండు పదార్థములకును చుట్టరికము కలదని కూడ ఆయన ప్రయోగములు చూపెను. 1913లో ఆయనయు ష్టోలును కలసి ఈ పరిశోధనలనెల్ల ఒక గ్రంథముగా ప్రకటించిరి.

ఇప్పుడు మన గోంగూరకు ఉత్తరము చెప్పవచ్చును. పత్రహరితము యొక్క అణువు నడుమ మెగ్నీషియము నాలుగు నత్రజని పరమాణువులచేత పట్టుకొనబడి యుండును. ఆమ్లము తగిలినచో మెగ్నీషియము విడిపోయి, దాని చోట రెండు ఉదజని పరమాణువులు చేరును. అప్పుడు పచ్చరంగు పోయి గోధుమవన్నె కలసిన పదార్థమేర్పడును. దానికి ఫియోఫైటిను అని పేరు. బ్రతికియున్న ఆకులో పత్రహరితము ఒకచోటను, పులుపు రసము వేఱొకచోటను, నడుమ సన్నని పొరలతో వేఱుచేయబడి యుండును. వేడిమి ఆ పొరలను చెఱచును. అప్పుడు పులుపు రసము పత్రహరితమును చేరును. అంతేగాక వేడిమి హెచ్చినకొలదిని ఈ మార్పు వేగము హెచ్చును. సామాన్యముగా రసాయనక్రియలు పది డిగ్రీల వేడిమి హెచ్చినపుడెల్ల రెండు మూడింతలు వేగముగా జరుగును. కాబట్టి పులుపు హెచ్చుగా నున్న గోంగూర వెంటనే రంగు మాఱును. పులుపు తక్కువైన పాలకూర నిదానముగా మాఱును. పులుపొక్కటియే కారణము కాదు, వేడిమి యొక్కటియే కారణము కాదు. రెండును కలసినపుడే ఈ పని జరుగును.

సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో డబ్బాలలో నిలువచేయబడిన బఠానీలు తమ సహజమైన పచ్చను కోలుపోవుటకును కారణమిదియే. మూత తీసి కొద్దిసేపు వండిన ఆకుకూర పచ్చగా నుండుటకు కారణమేమనగా, పులుపులో కొంత ఆవిరితో పోవును, వేడిమి తగిలిన కాలమును తక్కువయగును. వంటసోడా వేసినచో పచ్చదనము నిలుచును గాని, విటమినులు కొన్ని చెడును, ఆకు మెత్తబడిపోవును. అందుచేత రంగు కొఱకు సోడా వేయుట మంచి పద్ధతి కాదు. ఇక క్యారెట్టులోని కెరోటినునందు విడిపోవుటకు మెగ్నీషియము లేదు. అది వేడిమికి కొంత మాఱినను దాని వన్నె అంతగా మాఱదు. ఎండబెట్టి గాలిలో నిలువయుంచినపుడు మాత్రము ఆమ్లజని తగిలి వెలసిపోవును.

జ్యూరిచ్‌లో ఇంతటి కీర్తి వచ్చుచున్న కాలముననే విల్‌ష్టెటరు ఇంట దుఃఖము ప్రవేశించెను. 1903లో ఆయన వివాహమాడిన సోఫీ 1908లో మరణించెను. ఒక కుమారుడు, ఒక కుమార్తె తల్లిలేని పిల్లలైరి. ఆయన మరల వివాహము చేసికొనలేదు. పిల్లల పెంపకమును, రసాయనశాలను రెంటిని నిర్వహించుకొనుచు పనిచేసెను.

1912లో బెర్లిను చెంత దాలెం అను చోట క్రొత్తగా నెలకొల్పిన రసాయన పరిశోధనాలయమునకు ఆయనను పిలిచిరి. అచ్చట ఆయన పువ్వుల రంగులను శోధించెను. ఎఱ్ఱ గులాబియందును, నీలి కార్నుఫ్లవరు పువ్వునందును ఉన్న వర్ణద్రవ్యము ఒక్కటియేనని 1913 మొదలు ఆయన చేసిన పని చూపెను. ఈ జాతి రంగులను ఆంథోసయనినులందురు. ఇవి ఆమ్లములో ఎఱ్ఱగాను క్షారములో నీలముగాను మాఱును. మందారపువ్వు రసమున నిమ్మపులుసు ఒక చుక్కయు, సబ్బునీరు ఒక చుక్కయు వేఱువేఱుగా వేసి మన విద్యార్థులే ఇట్టి మార్పును చూడవచ్చును. అయితే కార్నుఫ్లవరు నీలమునకు కారణము క్షారము మాత్రమే యని ఆయన తలచినది సంపూర్ణమైన సత్యము కాదు. ఇనుము, మెగ్నీషియము, కాల్షియము చేరి ఆ రంగును కూర్చుచున్నవని తరువాతి వారు కనుగొనగా, 2005లో జపాను పండితులు దాని నిర్మాణమును పూర్తిగా చూపిరి.

ఈ పువ్వుల రంగులును వేడిమికి ఓర్వలేనివే. కాచినకొలదిని వాని అణువులోని ఒక వలయము తెఱచుకొని రంగు వెలవెలబోవును. పిదప గోధుమవన్నె తిరుగును. అయితే ఇచ్చట ఒక వింత కలదు. ఆకుపచ్చకు శత్రువైన పులుపు ఈ ఎఱుపునకు మిత్రము. పులుపు గల రసములో ఆంథోసయనిను ఎక్కువ కాలము నిలుచును. పులుపు తగ్గినచో త్వరగా చెడును. అందుచేతనే ఎఱ్ఱని పండ్ల పానకములను పులుపుతో చేర్చి చల్లని చోట నిలువయుంచుదురు. అన్ని రంగులకును ఒకే నియమము వర్తించునని తలచినవారు పొరబడుదురు. ప్రతి పదార్థము యొక్క స్వభావమును దానినుండియే నేర్చుకొనవలెను.

1914లో యూరపు మహాయుద్ధము వచ్చి ఈ పువ్వుల పనిని ఆపివేసెను. సహాయకులు సైన్యమునకు పోయిరి. విషవాయువులనుండి సైనికులను కాపాడు ముసుగునకు కావలసిన వడపోత పొరలను గూర్చి పనిచేయుమని మిత్రుడగు హాబరు కోరగా, విల్‌ష్టెటరు ఆ రక్షణకార్యమును చేసియిచ్చెను. 1915లో ఆయన కుమారుడు లుడ్విగ్ బాల్యముననే చనిపోయెను. ఆ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానము, మొక్కల రంగులను, ముఖ్యముగా పత్రహరితమును గూర్చిన పరిశోధనలకై, ఆయనకే లభించెను. ఒకే యేట ఇంత దుఃఖమును ఇంత గౌరవమును పొందిన మనుష్యుని మనస్సు ఎట్లుండెనో మేము వర్ణింపజాలము. యుద్ధకారణమున ఆ బహుమానపు ఉత్సవము 1920లో గాని జరుగలేదు.

1916లో బేయరు తరువాత ఆయన స్థానమునకు విల్‌ష్టెటరు మ్యూనిక్ వచ్చెను. తాను విద్యార్థిగా ప్రవేశించిన శాలకు తానే అధిపతి యయ్యెను. అచ్చట ఎనిమిదేండ్లు ఎంజైములను గూర్చి పరిశోధించెను. అంతలో జర్మనీలో యూదులయెడ ద్వేషము ప్రబలజొచ్చెను. 1924లో విశ్వవిద్యాలయమున ఒక ఆచార్యపదవి ఖాళీ కాగా, భూరసాయన శాస్త్రమున ఆ కాలమున సాటిలేనివాడగు గోల్డ్‌ష్మిట్ పేరు వచ్చెను. ఆయన యూదుడను కారణముచేతనే ఆయనకు ఆ పదవి ఈయగూడదని సభలోని పలువురు వాదించిరి. విల్‌ష్టెటరు అది విని, విద్యాలయమున విద్యను గాక జాతిని తూచుచున్న చోట తాను నిలువలేనని తన పదవికి రాజీనామా ఇచ్చెను. అప్పటికి ఆయనకు ఏబదిరెండేండ్లు నిండలేదు. విద్యార్థులును తోడి ఆచార్యులును ఉండుమని ప్రార్థించిరి. ఆయన మనస్సు మాఱలేదు. ఇతర విద్యాలయములు పిలిచినను పోలేదు.

ఈ సందర్భమున ఆయన తనకు జరిగిన అన్యాయమునకు కోపించి పోలేదని మనము గమనింపవలెను. ఆయన పదవికి ఎవరును ఎసరు పెట్టలేదు. అన్యాయము జరిగినది వేఱొకనికి. తన కేమియు నష్టము లేని సమయమున, ఒరుల కొఱకై, తనకు ప్రాణప్రదమైన రసాయనశాలను విడిచిపెట్టెను. పరిశోధకునికి రసాయనశాల పోవుట యనగా కృషీవలునికి పొలము పోవుట వంటిది. అటుపిమ్మట మార్గరెటె రోడెవాల్డ్ అను శిష్యురాలు ప్రయోగములు చేయుచు ఫలితములను టెలిఫోనులో చెప్పుచుండగా, ఆయన ఇంటినుండియే సలహాలిచ్చుచు కొంత పని సాగించెను.

మహనీయుల పొరపాటులను దాచుట మంచి చరిత్రకారుల లక్షణము కాదు. ఎంజైములు ప్రోటీనులు కావని విల్‌ష్టెటరు గట్టిగా నమ్మెను. 1926లో అమెరికా పండితుడు సమ్నరు ఒక ఎంజైమును స్ఫటికరూపమున తీసి, అది ప్రోటీనే యని చూపెను. కాలము సమ్నరునే సమర్థించెను. మఱియు, రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెట్ అనునాతడు గాజుగొట్టములో సుద్దపొడి నింపి, దానిద్వారా ఆకురసమును పోసి, రంగులను పట్టెలు పట్టెలుగా వేఱుచేయు సులభమార్గమును 1906లో ప్రకటించెను. సుకుమారమైన పత్రహరితము ఆ పొడిలో చెడునేమో యని విల్‌ష్టెటరు దానిని నమ్మలేదు. ఆ మార్గమును 1931లో మరల వెలుగులోనికి తెచ్చినవారిలో ఒకడు విల్‌ష్టెటరు శిష్యుడగు కూన్ అగుట విశేషము. జాగ్రత్తచేత గొప్పవాడైన మనుష్యుడు అతిజాగ్రత్తచేత ఒక మంచి సాధనమును విడిచిపుచ్చెను.

1933 తరువాత హిట్లరు పాలనలో యూదుల బాధలు మితిమీరెను. మిత్రులు దేశము విడిచి పొమ్మని చెప్పినను విల్‌ష్టెటరు చాలకాలము పోలేదు. 1938లో రహస్యపోలీసులు ఆయనను పట్టుకొనుటకు ఇంటికి వచ్చి వెదకిరి. ఆయన తోటలో నుండుటచేత వారికి కనబడలేదు. పిదప ఒక చిన్న పడవలో సరస్సు దాటి స్విట్జర్లండు చేరయత్నించి పట్టుబడెను. తుదకు 1939లో సరిహద్దు దాటగలిగెను. దానికి పాటుపడినవాడు మఱెవరో కాదు. జ్యూరిచ్‌లో ఆయనతో ఆకులను నూఱి రంగు తీసిన ఆర్థర్ ష్టోల్. గురువునకు ఆపద వచ్చినపుడు శిష్యుడు అండగా నిలిచెను. ఆస్తిలో చాలభాగము పోగొట్టుకొని, లొకార్నో పట్టణము చెంత మురాల్తో అను గ్రామమున నివసించుచు ఆయన తన జీవితచరిత్రమును వ్రాసికొనెను. 1942 ఆగస్టు 3వ తేదీని, డెబ్బదియేండ్లు నిండుటకు పదిదినముల ముందు, గుండెజబ్బుచే మరణించెను. ఆ గ్రంథమును ష్టోలే 1949లో అచ్చు వేయించెను.

ఆయన వేసిన బాటలో నడచి, పత్రహరితము యొక్క నిర్మాణమును 1940 నాటికి హాన్స్ ఫిషరు ఇంచుమించుగా పూర్తిగా కనుగొనెను. 1960లో ఉడ్‌వర్డు దానిని రసాయనశాలలో కూర్చెను. మెగ్నీషియము నడుమనే యుండునని ఇప్పుడు పాఠశాల పిల్లలును చదువుకొనుచున్నారు.

విల్‌ష్టెటరు శోధించిన పచ్చరంగు కొంచెము పులుపు, కొంచెము వేడిమి తగిలినంతనే తన నడిమి మెగ్నీషియమును విడిచిపెట్టును. ఆయన మాత్రము దుఃఖమువలనను, ద్వేషమువలనను, లాభమువలనను తాను సత్యమని నమ్మినదానిని విడువలేదు. మన యింట గోంగూర ఉడుకునపుడు రంగు మాఱుటను చూచిన విద్యార్థి ఆయన విద్యను జ్ఞాపకము చేసికొనుగాక. తోటివానికి అన్యాయము జరుగుచుండగా మాటలాడవలసిన సమయము వచ్చినపుడు ఆయన నడవడిని జ్ఞాపకము చేసికొనుగాక. ఈ రెంటిలో రెండవది కష్టతరమని మేమెఱుగుదుము.